ఎండకాలం సెలవుల్లో ఆడపిల్లకు దక్కే రెండు గంటలు

2024లోనూ 2025లోనూ మన తెలంగాణలో బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు సెలవులిచ్చారు. సరిగ్గా ఏడు వారాలు. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల ఆడపిల్ల ఉన్న ఇంట్లో, అది హనుమకొండ అయినా, కరీంనగర్ అయినా, నిర్మల్ అయినా, సెలవులకు ముందు వినిపించే ప్రశ్న ఒకటే: "ఈసారి దీన్ని ఏ క్లాసులో వేద్దాం?" డ్రాయింగా, అబాకస్సా, డ్యాన్సా, కరాటేనా.

ఆ ప్రశ్నకు జవాబిచ్చేవాళ్లకు కొదవ లేదు. ఏప్రిల్ వచ్చిందంటే ప్రతి కరెంటు స్తంభానికీ ఒక సమ్మర్ క్యాంపు ఫ్లెక్సీ వేలాడుతుంది. కానీ ఏం నేర్పాలన్నది తర్వాత అడగాల్సిన మాట. ముందు తేలాల్సింది వేరే ఉంది. ఆ పిల్ల రోజులో ఏ గంటల్లో గడప దాటగలదు? ఎవరి తోడుతో? ఎక్కడిదాకా? అదే వయసు మగపిల్లవాడి గురించి ఇంట్లో ఎవరూ ఇలా ఆలోచించరు. వాడు బ్యాటు పట్టుకుని పోతాడు, ఆకలైతే వస్తాడు. ఆడపిల్ల సెలవులు మాత్రం ఎండ, చీకటి, ఇంటిపని, భయం ఈ నాలుగింటి మధ్య ఎంత చోటు మిగిలితే అంతే. ఆ చోటు ఎంతో చూడకుండా క్లాసులు వెతకడం వల్లే చాలా ఇళ్లలో మొదటివారం ఉత్సాహం మూడో వారానికి ఫోన్ దగ్గర తేలుతుంది.

గడియారంతోనే మొదలుపెడదాం. మే నెలలో వరంగల్‌లో 42, 43 డిగ్రీలు మామూలు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తే రోళ్లు పగులుతాయన్నది ఇక్కడివాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిది దాటాక సాయంత్రం ఐదున్నర వరకు బయట ఆటల మాట ఎత్తకూడదు. మే చివర్లో మనకు పొద్దుపొడుపు ఐదూ నలభై ప్రాంతంలో, పొద్దుగూకేది ఆరూ ముప్పావుకు. అంటే బయట తిరగడానికి పనికొచ్చేది రెండు ముక్కలే. పొద్దున మూడు గంటలు, సాయంత్రం గంటకు కాస్త పైన.

ఇప్పుడు ఆ రెండు ముక్కలూ ఎవరికి పోతున్నాయో చూడండి. సాయంత్రం ముక్క మొదలయ్యేసరికే "చీకటి పడుతోంది, లోపలికి రా" అనే కేక మొదలవుతుంది. గల్లీలో అన్నలు క్రికెట్ ఆడుతుంటే పదకొండేళ్ల పిల్ల గేటు దగ్గర నిలబడి చూస్తుంది. పొద్దుటి ముక్క నిద్రలో పోతుంది, ఎందుకంటే రాత్రి పదకొండు, పన్నెండు దాకా అమ్మ ఫోన్ ఆమె చేతిలో ఉంది. లేదా పేదింట్లో అయితే, అమ్మ తెల్లారకముందే పనికి పోతుంది కాబట్టి తమ్ముడిని ఎత్తుకోవడంలో పోతుంది. రెండు ముక్కలూ పోగా మిగిలేది కూలర్ ఉన్న ఒక్క గది, అందులో టీవీ, ఎనిమిది తొమ్మిది గంటలు. పిల్ల ఫోన్‌కు అలవాటు పడిందని మనం తిట్టేది ఈ తొమ్మిది గంటల్ని చూసి. ఫోన్ అసలు పాడు చేసింది మరుసటి రోజు పొద్దుటిని.

అందుకే నా లెక్కలో సెలవుల ప్లాన్ అంతా పొద్దున ఐదూ ముప్పావు నుంచి ఎనిమిది మధ్య ఉంది. ఆ రెండుంబావు గంటలు పిల్ల చేతికి వస్తే మిగతా రోజు అంత కష్టం కాదు. అవి రాకపోతే ఎన్ని క్లాసులు కట్టినా సాయంత్రానికి చిరాకే.

రావాలంటే రాత్రి మారాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్యులు చెబుతారు. తొమ్మిదిన్నరకు పడుకుని ఐదున్నరకు లేస్తే ఎనిమిది గంటలు, మధ్యాహ్నం ఎండలో ఒక గంట కునుకు. సరిపోతుంది. తొమ్మిదికి ఫోన్లన్నీ హాల్లో ఒకే చోట చార్జింగ్‌కు పెట్టాలి, నాన్న ఫోన్‌తో సహా. నాన్న పక్క మీద రీల్స్ చూస్తూ "ఫోన్ పెట్టేయ్ బిడ్డా" అంటే ఏ పిల్లా వినదు, వినాల్సిన అవసరమూ లేదు.

ఇక ఆ రెండుంబావు గంటల్లో ఏం చేయాలి? ఒళ్లు కదలాలి. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు సగటున రోజుకు కనీసం 60 నిమిషాలు గట్టిగా కదిలే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అంటే ఊపిరి వేగం పెరిగేలా పరుగు, ఆట, ఈత. ఇంట్లో అటూ ఇటూ తిరగడం లెక్కలోకి రాదు. పట్నంలో దీనికి చోట్లున్నాయి. హనుమకొండలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ మైదానం ఉంది, అక్కడ తెల్లారేసరికి వాకింగ్ చేసేవాళ్లు నిండిపోతారు. జిల్లా యువజన, క్రీడల శాఖ ఎండకాలంలో శిక్షణ శిబిరాలు నడుపుతుంది. ప్రైవేటు క్యాంపులతో పోలిస్తే వాటికయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేనట్టే. వాటికి పెద్ద ఫ్లెక్సీలు ఉండవు, పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వస్తుంది. ఏప్రిల్ మూడో వారం నుంచి ఆ పేజీ చూస్తూ ఉండాలి, లేదంటే స్టేడియం ఆఫీసుకు ఒకసారి పోయి అడగాలి. ఊళ్లలో అయితే బడి మైదానమే. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో అందరికీ తెలుసు.

అడ్డం వచ్చేవి వేరు. దూరం ఒకటి. తోడు ఒకటి. బాత్‌రూమ్ ఉందా లేదా అన్నది ఒకటి, దీన్ని ఎవరూ గట్టిగా అడగరు కానీ పిల్లలు గ్రౌండ్ మానేసేది చాలాసార్లు దీనివల్లే. ఇంకొకటి, అందరికీ తెలిసినా పైకి ఒప్పుకోనిది: "ఎండలో తిరిగితే నల్లబడుతుంది." పెళ్లి పదిహేనేళ్ల దూరంలో ఉండగానే పిల్ల రంగు గురించి మొదలయ్యే ఈ బెంగ ఎన్ని ఆటల్ని ఆపిందో లెక్క లేదు. ఏడున్నర లోపు ఎండకు ఎవరూ నల్లబడరు అని సర్దిచెప్పొచ్చు, కానీ అసలు జవాబు అది కాదు. నల్లబడితే ఏమవుతుంది?

పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024లో కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం తెచ్చింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్. అదే జిల్లా పాకాల గ్రామం నుంచి మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగో ఏడు నిండకముందే, ఎవరెస్ట్ ఎక్కింది. మన పిల్లలందరూ పతకాలు తెస్తారని ఈ పేర్లు చెప్పడం లేదు. ఈ ముగ్గురూ ఏదో ఒక దశలో ఒక మైదానంలోనో, ఒక బండ దగ్గరో ఎవరో ఒకరి కంట పడ్డారు. గేటు లోపల ఉన్న పిల్లను ఏ కోచ్ చూస్తాడు?

ఈత గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ప్రతి ఎండకాలం ఉత్తర తెలంగాణలో చెరువుల్లో, వ్యవసాయ బావుల్లో, శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువలో పిల్లలు మునిగి చనిపోయిన వార్తలు వస్తాయి. వాళ్లలో ఆడపిల్లలూ ఉంటారు. బట్టలు ఉతకడానికి పోయి, చెల్లె జారితే పట్టుకోబోయి మునిగిన వాళ్లుంటారు. వెనకటికి ఊళ్లలో నడుముకు సొరకాయ బుర్ర కట్టి బావిలో ఈత నేర్పేవాళ్లు, అదీ ఎక్కువగా మగపిల్లలకే. ఆడపిల్లకు ఈత రాకపోవడం మర్యాదలో భాగంగా నడిచింది. పదేళ్ల పిల్లకు నేర్పేవాళ్లుంటే మూడు నాలుగు వారాల్లో నీళ్లలో తేలడం, గట్టు చేరడం వస్తుంది. ఒక్క నైపుణ్యానికే డబ్బు పెట్టగలిగితే నేను పెట్టమనేది దీనికే. స్విమ్మింగ్ పూల్స్‌లో ఆడవాళ్లకు విడిగా సమయం ఉంటుందో లేదో అడగండి. లేకపోతే పది కుటుంబాలు కలిసి పొద్దున ఒక గంట కావాలని అడిగితే నిర్వాహకులకూ గిట్టుబాటే. బావిలో, కాలువలో సొంతంగా నేర్చుకునే ప్రయత్నాలు మాత్రం వద్దు. కాలువకు గోడలు నున్నగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఇదంతా పట్నంలో రెండు జీతాలున్న ఇంటికి సరే, కూలికి పోయే ఇంటి సంగతేమిటని అడగొచ్చు. అడగాల్సిందే. ఊళ్లలో ఎండకాలమే ఉపాధి పనులకు అదను. తల్లి ఎండ ముదరకముందే పని ముగించుకోవాలని తెల్లవారుజామునే పోతుంది. నేను చెప్పిన ఆ బంగారు గంటలు సరిగ్గా అప్పుడే. రెండేళ్ల తమ్ముడిని చూసుకునేది నాలుగో తరగతి చదివే అక్క. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే దీనికి ఒక మందు చూపారు. పని చోటుకు ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది వస్తే, వాళ్లను చూసుకోవడానికి కూలీల్లోంచే ఒక మహిళను పెట్టాలని, ఆమెకూ కూలి ఇవ్వాలని అందులో రాశారు. దీన్ని చిన్నపిల్లల కోసం పెట్టిన ఏర్పాటుగానే చూస్తారు. నిజానికి దానివల్ల ఎక్కువ లాభపడేది ఇంట్లో ఉండిపోయే పదేళ్ల అక్క. అలాంటి ఏర్పాటు నడిచే ఊళ్లో ఎంతమంది ఆడపిల్లలు పొద్దున బడి మైదానంలో ఉండగలరో ఊహించుకోండి. గ్రామసభలో ఆడవాళ్లు లేచి అడగదగ్గ విషయం ఇది.

నిజామాబాద్, జగిత్యాల వైపు ఇంకో చిక్కు ఉంది. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే పక్కన కూర్చున్న పిల్ల సెలవుల్లో ఆకు కత్తిరించడం, దారం కట్టడం నేర్చుకుంటుంది. "చేతికి పని వచ్చింది" అని ఇంట్లో మురుస్తారు. వరంగల్ వైపు మిరప కల్లాల్లో కాయలు ఏరడం ఇలాంటిదే. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదంటుంది. సెలవుల్లో సొంత కుటుంబం చేసుకునే పనిలో సాయపడటానికి వీలిచ్చింది, అదీ ప్రమాదకరమైనది కాకపోతేనే, చదువుకు అడ్డు రాకపోతేనే. పొగాకు దుమ్ము పీల్చే పని, కారం ఘాటులో కూర్చునే పని ఆ వీలులోకి రావని నా ఉద్దేశం. ఆదాయం అవసరమైన ఇంటికి నీతులు చెప్పి లాభం లేదు, కానీ పిల్లకు అది "వ్యాపకం" అని మాత్రం అనుకోవద్దు.

మధ్యాహ్నపు తొమ్మిది గంటలు

ఇంటిపని నేర్పొద్దని నేను అనడం లేదు. పనికీ చాకిరికీ తేడా చూడమంటున్నాను. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనుల్లో పాలుపంచుకునే ఆడవాళ్లు వాటికి రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారు. ఈ తేడా పెళ్లయిన రోజున మొదలు కాదు. పదేళ్ల వయసులో, ఎండకాలం సెలవుల్లో, "నువ్వు గిన్నెలు తోము, అన్న నీళ్ల క్యాన్ తెస్తాడు" అన్నప్పుడు మొదలవుతుంది. క్యాన్ రెండు రోజులకొకటి. గిన్నెలు ప్రతి పూటా.

మంచి పనికి ఒక మొదలు, ఒక చివర ఉంటాయి. పూర్తయ్యాక "ఇది నేను చేశాను" అని చూపించడానికి ఏదో మిగులుతుంది. మధ్యలో నిర్ణయాలు పిల్లే తీసుకోవాలి. మామిడికాయ తొక్కు తీసుకోండి. ఏటా మనం పిల్లకు అప్పగించేది ముక్కలు తుడవడం, జీడి తీయడం. ఈసారి మొత్తం తొక్కును ఆమెకే అప్పగించి చూడండి. ఇన్ని కిలోల కాయలకు ఎంత ఉప్పు, ఎంత కారం, ఎంత నూనె అన్నది అమ్మమ్మను అడిగి రాసుకోవాలి. అమ్మమ్మ "చేతికొలత" అంటుంది, ఆ చేతికొలతను తక్కెడ మీద పెట్టి గ్రాముల్లోకి మార్చుకోవాలి. బజారుకు పోయి ధరలు కనుక్కుని బడ్జెట్ వేయాలి. కారం ఏ మిరపది కొనాలి? 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఘాటు కావాలంటే దానిలో వేరేది ఎంత కలపాలి? తడి తగిలితే తొక్కు ఎందుకు బూజు పడుతుంది? మొత్తం ఖర్చును జాడీల లెక్కన పంచితే షాపులో కొన్నదానికంటే చవకా, కాదా? ఇందులో నిష్పత్తులున్నాయి, సైన్సు ఉంది, బేరం ఉంది. పాడైతే పాడవుతుంది, అరకిలోతో మొదలుపెట్టించండి. తమ్ముడో అన్నో ఉంటే ఆ ఏడాది ముక్కలు తుడిచే పని వాళ్లది.

ఇలాంటివి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మిషన్ ఉన్న ఇంట్లో పాత చీరతో సంచి, పెరడు ఉంటే నాలుగు పాదులు, కిరాణా కొట్టు ఉంటే ఒక వారం స్టాక్ లెక్క. ఒకటి చాలు, దాన్ని చివరిదాకా పోనివ్వాలి.

చదువు సంగతి. "రెండు నెలలు పుస్తకం పట్టకపోతే వెనకబడతారు" అన్నది ప్రతి ట్యూషన్ ఫ్లెక్సీ మీద ఉంటుంది. ఈ మాటకు వెనక ఉన్న పరిశోధన చాలావరకు అమెరికాది. బాల్టిమోర్ పిల్లల్ని 1982 నుంచి ఏళ్లతరబడి గమనించిన ఒక అధ్యయనం, బడి నడిచేటప్పుడు పేదపిల్లలూ కలిగినవాళ్ల పిల్లలూ దాదాపు ఒకే వేగంతో నేర్చుకుంటారనీ, సెలవుల్లోనే దూరం పెరుగుతుందనీ చెప్పింది. తర్వాత వేరే పరీక్షల మార్కులతో చూసినవాళ్లకు ఆ దూరం అంత స్పష్టంగా కనిపించలేదు. కాబట్టి భయపడి జూన్ పాఠాలు మే నెలలోనే చెప్పించాల్సిన పని లేదు.

మన దగ్గర అసలు లోటు వేరేచోట ఉందని నా అనుమానం. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో మొదట ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. ప్రైవేటు పిల్లలు ముందునుంచీ ఇంగ్లిషే. ఐదో తరగతి పిల్ల రెండు భాషల్లోనూ పాఠం అప్పజెప్పగలదు, ఏ భాషలోనూ కథల పుస్తకం తనంతట తాను చదివి నవ్వుకోలేదు. సెలవుల్లో చేయగలిగింది ఇదే. రోజూ అరగంట, పరీక్ష లేకుండా, ప్రశ్నలు అడగకుండా. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి, ఫోన్‌కు ఒక మంచి ఉపయోగం. పుస్తకం చేత్తో పట్టుకోవాలంటే గ్రంథాలయాలున్నాయి. హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పెట్టినది. కానీ మన గ్రంథాలయాల్లో పొద్దున పేపర్ చదివే పెద్దమనుషులు, పగలంతా గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే కుర్రాళ్లు. పదకొండేళ్ల పిల్ల ఒక్కతే పోయి కూర్చునే వాతావరణం కాదు. నలుగురు పిల్లలు, ఒక పెద్దావిడ కలిసి వారానికి ఒకరోజు పోతే లైబ్రేరియన్ బీరువా తాళం తీస్తాడు.

ఫోన్ దగ్గర ఒక చిక్కు ఉంది, దాన్ని తల్లిదండ్రులు చూడరు. ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13, కాబట్టి ఖాతా ఇవ్వకూడదు, అందులో వాదన లేదు. కానీ పదకొండేళ్లకు పిల్లకు ప్రాణస్నేహితురాలు ఉంటుంది, బడి మూసేయగానే ఆ స్నేహం తెగిపోతుంది. మగపిల్లవాడి స్నేహితులు గల్లీలో దొరుకుతారు. ఆడపిల్ల స్నేహితురాలు కాజీపేటలోనో, రంగశాయిపేటలోనో ఇంకో కూలర్ గదిలో ఉంటుంది. వాళ్లిద్దరికీ మధ్య ఉన్న ఒకే దారి అమ్మ వాట్సాప్. ఫోన్ లాక్కుంటే మనం ఆటను కాదు, స్నేహాన్ని లాక్కున్నట్టు ఆమెకు అనిపిస్తుంది. అందుకే అంత ఏడుపు. ఫోన్ తగ్గించాలంటే ముందు స్నేహితురాలిని ఇంటికి పిలవాలి. వారానికి ఒకరోజు ఆమె ఇక్కడికి, ఇంకోరోజు ఈమె అక్కడికి. వామనగుంటల పీట, పద్నాలుగు గుంటలు, పిడికెడు చింతగింజలు ముందుంటే ఇద్దరు పిల్లలు మధ్యాహ్నమంతా గడిపేస్తారు. గింజలు పంచుతూ ఎదుటి గుంటలో ఎన్ని పడతాయో ముందే లెక్కగట్టడం అబాకస్ క్లాసుకు తక్కువేమీ కాదు, పైగా ఓడితే అలగొచ్చు.

మిగతా సమయం ఖాళీగా వదిలేయండి. "అమ్మా, ఏం తోస్తలేదు" అని పిల్ల అనగానే మనకు నేరం చేసినట్టు ఉంటుంది. పరవాలేదు, తోచకపోతే అరగంటలో ఆమే ఏదో కల్పిస్తుంది.

క్యాంపులో వేసేముందు

వేయొద్దనడం లేదు. పేరిణి నాట్యంలో ఆడవాళ్లు చేసే లాస్యం నేర్పేవాళ్లు మన దగ్గరే ఉన్నారు, వేరే ఊళ్లో దొరకడం కష్టం. కరాటే, డ్రాయింగ్, కీబోర్డు, ఏదైనా సరే, పిల్ల అడిగితే. కానీ ఫీజు కంటే ముందు అడగాల్సినవి: ఎన్ని గంటలకు? పదకొండు నుంచి ఒంటిగంట బ్యాచ్ అయితే రానుపోను ఎండదెబ్బే. నేర్పేవాళ్లు ఎవరు, మహిళలు ఉన్నారా? తలుపులు వేసిన గదిలో ఒక్క పిల్లతో ఒక్క టీచర్ ఉండే పద్ధతి ఉందా? బాత్‌రూమ్‌కు గడియ ఉందా?

పిల్లలపై లైంగిక వేధింపుల కేసుల్లో నిందితులు అత్యధికంగా తెలిసినవాళ్లే అని పోక్సో కేసుల లెక్కలు ఏటా చెబుతున్నాయి. కాబట్టి భయాన్ని కేవలం రోడ్డు మీద పెట్టి, పిల్లను చుట్టాలింటికి పంపి నిశ్చింతగా ఉండటం కుదరదు. తొమ్మిదేళ్లకే చెప్పాలి: "ఎవరైనా నిన్ను తాకి, అమ్మకు చెప్పొద్దంటే, ముందు అమ్మకే చెప్పు. మామయ్య అయినా, సార్ అయినా. నేను తిట్టను." ఆ చివరి మాట లేకపోతే ముందు మాటలకు బలం ఉండదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్ పిల్లకు నోటికి రావాలి.

అమ్మమ్మ ఊరు మానేయమని కాదు. పట్నంలో లేని స్వేచ్ఛ ఆ పిల్లకు అక్కడే దొరుకుతుంది. చిన్నమ్మ పిల్లలు, మేనమామ పిల్లలు, తాటిముంజలు, వాకిట్లో పడక. ఇప్పుడది మూడు రోజుల ముచ్చటైంది, వారం పది రోజులు చేయగలిగితే మంచిది.

ప్రయాణాలకు మన పిల్లలకు ఇప్పుడొక వెసులుబాటు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు టికెట్‌కు డబ్బు లేదు. గుర్తింపు కార్డు చూపితే చాలు. ఇంటి నుంచి పొద్దున్నే బయల్దేరితే ములుగు మీదుగా పాలంపేట చేరి, ఎండ ముదిరేలోపు రామప్ప చూడొచ్చు. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఊరికే సెల్ఫీ దిగి వచ్చేకంటే పిల్లకు ఒక పని చెప్పండి. ఒక్క స్తంభాన్ని ఎంచుకుని అరగంట కూర్చుని గీయడం, లేదా గోపురానికి వాడిన ఇటుక నీళ్లలో తేలేంత తేలికగా ఎలా ఉందో గైడ్‌ను అడిగి రాసుకోవడం. బస్సు ఎక్కడ మారాలి, తిరుగు బస్సు ఎన్నింటికి అన్నది కూడా ఆమే కనుక్కోవాలి, అమ్మ పక్కన నిలబడి ఊరుకోవాలి. పిల్లకు గుడి కంటే ఇది ఎక్కువ గుర్తుంటుంది.

ఇంకో రెండు విషయాలు, ఈ వయసుకే సంబంధించినవి. జూన్‌లో ఐదో తరగతికి గురుకులంలోనో, ఆరో తరగతికి కస్తూర్బా విద్యాలయంలోనో చేరబోయే పిల్లకు ఇంటి దగ్గర ఇవే చివరి పొడుగాటి రోజులు. ఆమెకు ఏ క్యాంపూ అక్కర్లేదు. తన జడ తాను వేసుకోవడం, బట్టలు ఉతికి ఆరేసుకోవడం, ఊడిన గుండీ కుట్టుకోవడం, డబ్బులు లెక్క రాసుకోవడం, ఒంట్లో బాగాలేకపోతే మొహమాటపడకుండా చెప్పడం వస్తే చాలు. రెండోది నెలసరి. పన్నెండు, పదమూడేళ్లకు చాలామందికి మొదలవుతుంది, కొందరికి పదికే. ముందే చెప్పి ఉంచాలి, ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చూపించాలి. పెద్దమనిషి అయ్యిందని ఫంక్షన్ చేసుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. కానీ ఆ ఫంక్షన్ మరుసటి వారం నుంచి గ్రౌండ్‌కు పోవడం ఆగిపోతే మాత్రం, ఇన్నాళ్లూ కష్టపడి తెచ్చుకున్న పొద్దుటి గంటలు పోయినట్టే. చాలామంది ఆటలు ఆగేది అక్కడే.

ఇన్ని పనులకు తోడు ఎవరు రావాలి అన్నది మళ్లీ తల్లి దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఉద్యోగమో, కూలో, ఇంటిపనో ఉన్న ఆవిడకు తెల్లవారుజామున గ్రౌండ్ దగ్గర నిలబడే తీరిక లేదు. నాన్న వారానికి రెండు రోజులు పోవచ్చు, పోవాలి కూడా. మిగతాదానికి ప్రతి కాలనీలో, ప్రతి ఊళ్లో ఒక మనిషి ఖాళీగా ఉంది, మనకు కనబడటం లేదు. ఇంటర్ పరీక్షలు రాసి, ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ కూడా అయిపోయి, ఫలితాల కోసమో డిగ్రీ సీటు కోసమో ఎదురుచూస్తున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి. ఆమెకు మేలో పెద్దగా పని లేదు, చేతిలో డబ్బు లేదు, "ఇంట్లో ఉండి వంట నేర్చుకో" అన్న మాట మాత్రం రోజూ పడుతోంది. ఐదారు ఇళ్లు కలిసి ఆమెకు నెలకు ఇంత అని ఇస్తే, పొద్దున పిల్లల్ని గ్రౌండ్‌కు తీసుకుపోయి తీసుకొస్తుంది, మధ్యాహ్నం ఒకరింట్లో గంట కథలు చదివిస్తుంది, గురువారం లైబ్రరీకి తోడు పోతుంది. ఒక్కో ఇంటికి పడేది ఒక క్యాంపు ఫీజు కంటే తక్కువే ఉంటుంది. ఆమెకు అది మొదటి సంపాదన. డబ్బు నెలాఖరున కాకుండా వారం వారం ఇవ్వండి, ఇంట్లోవాళ్ల చేతికి కాకుండా ఆమె చేతికే.

మాట్లాడుకోవడం ఏప్రిల్ రెండో వారంలోనే మొదలుపెట్టాలి. మే వచ్చేసరికి కొందరు ఊళ్లకు పోతారు, కొందరు ఫీజులు కట్టేసి ఉంటారు, ఐదు ఇళ్లు కుదరవు.